ఇరవైమూడు ఎడమ బూట్లు

బీరువా కింది అర తెరవగానే కోడలి చెయ్యి ఆగిపోయింది.

పై మూడు అరలనూ అరగంటలో తేల్చేసింది. గోదాములో స్టోర్ కీపరు మరి. పిల్లలకు బిగుతైనవి ఒక సంచీ, అట్ట ఊడినవి ఒక సంచీ, రోజూ వేసుకునేవి గుమ్మం పక్కన. అత్తగారి వాకర్ ఈ నడవాలో తిరగాలంటే చెప్పుల బీరువా సాయంత్రానికల్లా బయటికి పోవాల్సిందే.

కింది అరలో నల్ల తోలు బూట్లు. ఒకే కొలత. పైకి కనిపించేవన్నీ ఎడమ కాలివే.

"అత్తయ్యా! ఒంటికాలి దొంగెవడైనా మనింట్లో కాపురం పెట్టాడా?"

"దొంగ కాదు, నేనే," గదిలోంచి జవాబొచ్చింది. "వాటి జోలికి పోకు."

"జత లేని సరుకు చెత్త కిందే లెక్క. మా గోదాము రూలు."

"మీ రూలు గోదాములోనే తాళమేసి రా."

టక్... టక్... వాకర్ చప్పుడు. అత్తగారు గుమ్మంలోకి వచ్చి ఆగింది. కుడి మోకాలు వంగదు. ఆపరేషన్ చెయ్యాలి. అది బూట్ల ఫ్యాక్టరీ పనివల్ల వచ్చిన జబ్బేనని తేలితే కార్మికుల సహాయ కార్యాలయమే చేయిస్తుంది. కానీ ఫ్యాక్టరీ మూతపడి ఏళ్లయింది. రిజిస్టర్లు చెదలపాలు. "మీరక్కడ పనిచేసినట్టు రుజువేదమ్మా?" అన్నాడు అధికారి. చివరి విచారణ ఈరోజు మూడింటికి. చేతిలో చిత్తుకాగితం కూడా లేదు. ఇద్దరూ ఆశ వదిలేసి ఇల్లు సర్దుకుంటున్నారు.

"కుడివి ఏమయ్యాయి?" కోడలు అడిగింది.

"అరిగిపోయాయి. బూట్లకు లేసు రంధ్రాలు కొట్టే పని నాది. కుడికాలితో ప్రెస్సు తొక్కాలి. ఏడాదికో జత ఇచ్చేవాళ్లు. ఏడాది తిరిగేసరికి కుడిదానికి చిల్లి. ఎడమది నిక్షేపంలా ఉండేది. బాగున్నదాన్ని పారెయ్యడానికి చేతులెలా వస్తాయే?"

కోడలు ఒక బూటు తీసి వెలుతురులో తిప్పింది. మడమ లోపలి తోలు మీద ఫ్యాక్టరీ ముద్ర. టోకెన్ నంబరు 318. కింద సంవత్సరం.



రెండోది తీసింది. 318. మరుసటి సంవత్సరం. మూడోది. నాలుగోది. నేల మీద వరసగా పేర్చుకుంటూ పోయింది. నడవా చివరికొచ్చి వంటగది గుమ్మం దాటింది వరస. ఒక్క ఏడాదీ తప్పిపోలేదు. ఇరవైమూడు. చిట్టచివరి దానికి మాత్రం జత ఉంది.

"రోజుకు ఎన్నిసార్లు తొక్కేవారు?"

"ఆరువేలు. తగ్గితే మేస్త్రీ ఊరుకునేవాడా?"

అంకెలతో బతికే మనిషి కోడలు. నోటిలెక్క కట్టింది. మళ్లీ కట్టింది. నాలుగు కోట్లు దాటింది. ఈ కాలు. ఈ ఒక్క మోకాలు. తలెత్తి అత్తగారి మోకాలి వైపు చూసింది. తోమిన గిన్నె సరిగ్గా బోర్లించలేదని పొద్దున్నే ఈ మనిషితోనే వాదన పెట్టుకుంది.

"అలా గుడ్లప్పగించి చూస్తావేంటే?"

"మీ టోకెన్ ఉందా?"

"మెడలో తాళాలగుత్తికే ఉందిగా. ఎందుకు?"

"చీర మార్చుకోండి అత్తయ్యా. ఆటో పిలుస్తున్నా."

కార్యాలయంలో గుమాస్తా కిసుక్కున నవ్వాడు. "చెప్పుల కొట్టు పెడుతున్నారామ్మా?"

కోడలు సంచీ విప్పింది. ఇరవైమూడు బూట్లనూ, చివరి దాని కుడి జతనూ అధికారి బల్ల ముందు వరస పెట్టింది. 318 అంకె చెక్కిన ఇత్తడి టోకెన్ బల్ల మీద ఉంచింది. ఆయన వంగి మొదటి ముద్ర చదివాడు. రెండోది చదివాడు. పదోదాకా వచ్చేసరికి మోకాళ్ల మీద కూర్చున్నాడు. చివరి జతలో కుడిదాన్ని తిరగేశాడు. అట్టకు పడ్డ చిల్లిలోంచి ఆయన వేలు ఇవతలికొచ్చింది. గుమాస్తా నవ్వు ఎప్పుడు ఆగిందో ఎవరూ చూడలేదు.

అధికారి లేచి తన కుర్చీ తెచ్చి అత్తగారికి వేశాడు. నిలబడే కాగితం మీద రాశాడు: 'ఇరవైమూడేళ్ల పని రుజువైంది. చికిత్సకు అనుమతి.' సంతకం పెట్టాక ఒకసారి తన బూట్ల వైపు చూసుకున్నాడు.

"వీటి లేసు రంధ్రాలూ మీరే కొట్టారేమో?"

అత్తగారు కుర్చీలోంచి ముందుకు వంగి పరీక్షగా చూసింది.

"నావి కావు బాబూ. నా రంధ్రాలు వంకర పోవు."