మోకులు మా ఇళ్లలోనే

తాడిచెట్టు మీంచి పడి, నడుం విరిగి వీరాస్వామి నేల మీద మూలుగుతుంటే, కల్లు కంట్రాక్టరు చంద్రరావు పరుగెత్తుకొచ్చి అడిగిన మొదటి మాట:

"కుండ పగిలిందా?"

వినండి అన్నలారా! మనిషి సంగతి కాదు, కుండ సంగతి.

ద్రాక్షారామం పక్క పల్లె అది. తెల్లదొరలు కల్లుకి వేలంపాటలు పెట్టిన రోజులు. కల్లు గీసే గీతగాడి ప్రాణం నడుముకి చుట్టుకునే మోకులో ఉంటుంది. ఆ తాడుకి కల్లు వాసన పడితే ఎలుకలు కొరకడం మరుగుతాయి. అందుకే ఎవరి మోకు వాళ్లు ఇంటికి తెచ్చుకుని, పొయ్యి మీద పొగలో వేలాడదీసేవారు. చంద్రరావు అది మాన్పించాడు. దొంగతనంగా గీసుకుంటారని, మోకులన్నీ సాయంత్రమే తన కొట్లో పెట్టి తాళం వేయించాడు. తెల్లారకముందే చీకట్లో చేతికిచ్చేవాడు. వీరాస్వామి మోకుని లోపలివైపు ఎలుక కొరికేసింది. చీకట్లో అది కనపడలేదు, చెట్టు మీద తెగింది.

ఆ సాయంత్రం గీతగాళ్లంతా వీరాస్వామి వాకిట్లో చేరారు. అతని అన్న గంగరాజు లేచాడు.

"మోకులు మనిళ్లకి రావాల. అందాకా చెట్టెక్కద్దు."

"రోజూ గీయకపోతే కల్లు కారే గెలలెండిపోవా? ఏడాది కూడు పోద్ది," అన్నాడు బుల్లబ్బాయి.

"ఎక్కితే నువ్వే పోతావురా సన్నాసీ!"

లోపల్నించి వీరాస్వామి గొంతు వినిపించింది. "నా చెట్టు ఎవరన్నా గీశారా?"

అతని భార్య లోవలక్ష్మి గుమ్మంలోకి వచ్చింది.

"కాళ్లు గిల్లి చూశానండి. తెలీట్లేదంట. ఇంక మీ ఇష్టం."

ముందు లేచింది బుల్లబ్బాయే. అందరూ కొట్టు మీద పడ్డారు. తాళం పగిలింది, మోకులు ఇళ్లకి చేరాయి. ఇక అవి ఇళ్లలోనే ఉంటాయని చంద్రరావు ఒప్పుకుంటేనే ఎక్కుతామన్నారు.

మర్నాటి నుంచి ఒక్కడూ చెట్టెక్కలేదు. చంద్రరావు బతిమాలాడు, బెదిరించాడు. గెలలు ఎండిపోయాయి. గంజి పలచబడి, అదీ ఆగింది. మోకులకి పొగ పెట్టడానికి పొయ్యిలే వెలగలేదు. వీరాస్వామి పోయాడు. మట్టి చేసి వచ్చేసరికి వాకిట్లో పోలీసులు, వాళ్లతో చంద్రరావు. తాళం పగలగొట్టాడని గంగరాజుకి సంకెళ్లు వేశారు.

"గెలలెండె, మనిషి పోయె. ఏం సాధించారే?" నవ్వాడు చంద్రరావు.

లోవలక్ష్మి అతని వంక చూడలేదు.

"బావగారూ! పై ఏడు మళ్లీ గెలలేస్తాయండి," అని గంగరాజు వెనక కేకేసింది. "అప్పుడూ మోకు కొట్లో పెట్టి ఎవరూ ఎక్కరు. మీరెళ్లి రండి."

పోలీసుల వెనకే బుల్లబ్బాయి నడిచాడు. అతని వెనక ఊళ్లోని గీతగాళ్లంతా, ఖాళీ కడుపులతో.