ఆర్లో బాబాయ్ తూచిన తూటాలు

ఆ చలికాలమంతా ఆర్లో బ్రెక్కే తూటాలు తూస్తూ గడిపాడు. పక్షవాతంతో ఎడమచెయ్యి పడిపోయాక ఆయన రైఫిల్ ఎత్తలేకపోయాడు. కుడిచెయ్యి మాత్రం మునుపటంత నిలకడగా ఉంది. అన్నకూతురు మారిట్ స్కూలు బస్సు నడుపుతుంది, వేసవిలో మోంటానా రాష్ట్రంలోని తుపాకీ క్లబ్బుల పోటీల్లో గురి చూసి కాలుస్తుంది. మేలురకం తూటాలు కొనే స్తోమత ఆమెకు లేదు. ఐదువందలు ఒకే డబ్బాలో పోసి అమ్మే చవకరకమే గతి. వాటిలో నాలుగు ఒకచోట తగిలితే ఐదోది ఎటో పోతుంది.

"ఒక్కోటీ ఒక్కో బరువమ్మాయ్. అందుకే ఈ తిక్క," అని ఆర్లో తేల్చేశాడు. చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు తెప్పించుకుని, వంటింటి బల్ల మీద రెండువేల తూటాలు తూచి, బరువుల వారీగా ఖాళీ కాఫీ డబ్బాల్లో వేశాడు.

మంచు కరిగాక మారిట్ పరీక్షించింది. యాభై గజాల దూరంలో, ఒకే బరువుకు ఏరిన తూటాలు ఐదూ బొటనవేలి గోరంత చోట పడ్డాయి. ఏరనివి గ్లాసు మూతి అంత మేర చెదిరాయి. తూటాలు తగిలిన ఆ గురి అట్ట జేబులో పెట్టుకుని ఆర్లో నున్నగా గడ్డం గీసుకుని హోటలుకెళ్లాడు, కాఫీకి చేరినవాళ్లందరికీ చూపించాడు. జబ్బు చేశాక ఆయన నలుగురిలోకి వెళ్లడం అదే మొదలు.

మారిట్‌ను మాత్రం ఒక అనుమానం వదల్లేదు. ఏరినవి తెల్లవారుతూనే కాల్చింది. ఏరనివి మధ్యాహ్నం, గాలి లేచాక. అందుకని ఆదివారం ఒక్కతే వెళ్లి, రెండు రకాలనూ ఒకేలాంటి కప్పుల్లో పోసి, అడుగున గుర్తులు రాసి, కప్పులు కలిపేసి వరుసగా కాల్చింది. తర్వాత కప్పులు తిప్పి గుర్తులు చూస్తే తేడా ఏమీ లేదు. గాలి ఆగినప్పుడు అన్నీ దగ్గరగా పడ్డాయి, లేచినప్పుడు అన్నీ చెదిరాయి. మరో ఆదివారమూ అదే ఫలితం.

చెప్పకపోతే ఏం పోయింది, అనుకుంది. కానీ ఆయన అప్పటికే తూచడానికి ఇంకో నాలుగు డబ్బాల తూటాలు తెప్పించాడు.

"బాబాయ్, బరువులో ఏమీ లేదు."

ఆర్లో కళ్లజోడు పెట్టుకుని అట్టలన్నీ చూశాడు. "నువ్వు సరిగ్గా కాల్చలేదేమో."

"అలా అయితే బాగుండుననుకునే రెండోసారి కాల్చాను."

"అంటే చలికాలమంతా గాడిదలు కాశానన్నమాట."

 ఆయన త్రాసు ఆపేసి కిటికీవైపు తిరిగి కూర్చున్నాడు. కాఫీ తాగి వెళ్లమని కూడా అనలేదు.

పదిరోజులు ఆయన గడప దాటలేదు. ఆమె ఫోను చేస్తే ఎత్తలేదు. పదకొండో రోజు తనే చేశాడు.

"ఏ అట్ట ఏ టైములో కాల్చావో రాసిపెట్టావా?"

"రాశాను."

"ఆ మాత్రం బుద్ధి ఉందిలే. గాలి చూడటం నీకు నేనెప్పుడూ సరిగా నేర్పలేదు. శనివారం కుర్చీ ఒకటి బండిలో వేసుకురా."

శనివారం కాల్చేచోట ఆయన ఆమె వెనక కూర్చుని, గాలి వాలు తెలిసేందుకు గురిదాకా దారిపొడవునా కర్రలకు కట్టి నాటిన రిబ్బన్ల మీదే చూపు నిలిపాడు.

"ఆగు. ఆగవే, నీ బస్సేం వెళ్లిపోదు. ఊఁ... ఇప్పుడు."

ఏరని చవక తూటాలే పది కాల్చింది. ఎనిమిది ఒకచోట గుమిగూడాయి.

"ఆ పైనున్నది?" అంది మారిట్.

"అది తూటా తప్పు. చవకదేగా."

"ఈ పక్కది?"

"అది నీది," అన్నాడు ఆర్లో. "ఇంకో పది పెట్టు."