శొంఠిరాయి

అష్టగ్రహకూటమికి ప్రపంచం మునిగిపోతుందని మూడు రోజులు నేను సరిగా అన్నం తినలేదు. మునగలేదు. పక్షం తిరక్కుండానే మా అమ్మాయి ఆదిశేషమ్మ బడివాళ్ళు అల్లూరుకు అవతల సముద్రం ఒడ్డున పాడుబడ్డ కోట చూపిస్తామన్నారు. తప్పిపోయిన ప్రళయం అక్కడ మా పిల్ల కోసమే కాచుకుని ఉందనిపించింది. నేనూ బస్సెక్కాను. సంచిలో ఉల్లిపాయలు, వస కొమ్ము, శొంఠి కొమ్ము, శొంఠి అరగదీసే రాయి పెట్టుకున్నాను. అరచేతంత రాయి. మా అత్తగారి నాటినుంచి అరిగి అరిగి ఒక అంచు పలచబడింది.

కోటంటే మూడు గోడలు. నాలుగోది సముద్రం తినేసింది. పిల్లలు గోడలెక్కుతుంటే నా ప్రాణం పోయింది. దారి చూపడానికి వచ్చిన పట్టపుపాళెం చిన్నపోలయ్యను అడిగాను.

"అన్నా, పాములుంటాయా?"

"ఉండేయక్కా. గోడ ఎప్పుడు కూలుద్దోనని అయ్యే భయపడి పోయినాయి."

"అమా, కళ్ళు మూసుకో. దిగినాక చెప్తా!" అంది శేషమ్మ గోడమీంచి.

అక్కణ్ణించి మైలు దూరంలో ఎర్రమట్టి దిబ్బ. దానిమీద గుండ్రంగా పాతిన బండలు. ఊళ్ళోవాళ్ళు రాక్షసి గుళ్ళంటారు. "రాక్షసులవి కావు, చరిత్ర రాయకముందు బతికిన మనుషుల సమాధులు" అంది నవోమి టీచరు, నాకు ధైర్యం చెబుతున్నట్టు. రాక్షసులైతే పోయారు, సరే. మనుషులైతే దెయ్యాలవుతారు గదా!

పాతకాలపు రాతి పనిముట్టు ఎవరికి దొరికితే వాళ్ళ పేరు అట్టమీద రాసి, నెల్లూరులో ఎగ్జిబిషన్లో పెడతామంది టీచరు. మా శేషమ్మ పేరు బడిలో అంతవరకు లెక్కలు తప్పినవాళ్ళ పట్టీలోనే ఉండేది. మోకాళ్ళమీద దేకుతూ వెతికింది. బండల పక్కన వానకు కోసుకుపోయిన చోట నున్నటి రాతి గొడ్డలి దొరికింది. టీచరు దూరాన్నించే చూసి, అప్పటికప్పుడు అట్టమీద పేరు రాసింది. పిల్ల దాన్ని చేతిగుడ్డలో మూటగట్టి నా ఒళ్ళో పెట్టింది.

"జాగర్తమా. పడేసేవు."

శ్మశానానికి పోయొచ్చిన మనిషినే నీళ్ళు పోసుకోనిదే గడప తొక్కనివ్వం. సమాధి సొత్తును ఒళ్ళో పెట్టుకుని ఇంటికెలా పోను? పిల్లలు పులిహోర తింటుండగా వెళ్ళి, ఆ రాయిని ఒక బండకింద తోసేశాను. "ఎవరి తల్లివో, నీ రాయి నీకిచ్చేసినా. మా పిల్ల జోలికి రావాకు." ఉత్త గుడ్డ తెస్తే పిల్ల ఏడుస్తుంది గదా. శొంఠిరాయి మూటగట్టాను.

బస్సు దగ్గర టీచరు మూట విప్పి అందరికీ చూపింది.

"ఈ అంచు చూడండి! ఎన్ని వేల ఏళ్ళ కిందట, ఎవరో ఎంత ఓపిగ్గా అరగదీశారో!"

మా అత్తగారు వింటే పొంగిపోయేది. అంతలో టీచరు ముక్కు దగ్గర పెట్టుకుని ఆగింది.

"శొంఠి వాసన వస్తోందేమిటి?"

"అప్పుడు గూడా దగ్గులుండేయా టీచర్?" అంది ఒక పిల్ల. అందరూ నవ్వారు.

శేషమ్మ నవ్వలేదు. పుట్టినప్పటినుంచీ ఆ రాయిమీది శొంఠి నాకిన పిల్ల. నావైపు చూసింది, తల దించుకుంది.

"నా పేరు కొట్టేయండి టీచర్. అది మా ఇంటి రాయి."

"ఇంటికాణ్ణించి తెచ్చిందంట!" ఎవరో ఎగతాళి చేశారు. అప్పుడైనా నన్ను చూపించలేదు మా పిల్ల.

"టీచరమ్మా, బస్సు పోనీయొద్దండి. ఇది నేను చేసిన పని!" అని దిబ్బమీదికి పరుగెత్తాను. ఒక్కదాన్నే. బండకింద చెయ్యి పెట్టాను. లోపల ఏదో కదిలింది. నేను పెట్టిన కేకకు చిన్నపోలయ్య పరుగెత్తుకొచ్చాడు. తొండ, అది కూడా పరుగెత్తింది. నేను మాత్రం చెయ్యి తీయలేదు, రాయి దొరికిందాకా.

టీచరు రెండు రాళ్ళూ పక్కపక్కన పెట్టి చూసింది.

"మీదీ ఇవ్వండమ్మా. రెండూ కలిపి పెడితే పిల్లలకు బాగా తెలుస్తుంది."

"అమ్మో! ఈలోపల దగ్గొస్తే?"

బస్సులో గొడ్డలి శేషమ్మ ఒళ్ళోనే ఉంది. నాకివ్వలేదు. అట్టమీది పేరు చదివిందే చదువుతోంది. కోవూరు దగ్గర తుమ్మింది.

నేను సంచిలో చెయ్యి పెట్టాను.