వేణిమొక్కలు డాట్ కామ్ అనే నేను

నేను ఒక పేరుని. మనిషికి పెట్టే పేరుని కాదు. కంప్యూటర్లోనో ఫోనులోనో టైపు చేస్తే ఒక దుకాణం తలుపు తెరుచుకునే పేరుని. వేణిమొక్కలు డాట్ కామ్ అంటారు నన్ను. తెలిసినవాళ్ళు మా జాతిని డొమైన్ అంటారు. నాకు బరువు లేదు, రంగు లేదు. తుప్పు పట్టను, చెద పట్టను. ఏ కుర్చీయో గడియారమో తన కథ చెప్పుకుంటే మీరు ఇట్టే జాలిపడతారు, దానికి విరిగిన కాలో ఆగిపోయిన ముల్లో ఉంటుంది కాబట్టి. నాకు చూపించుకోవడానికి ఒక్క దెబ్బ కూడా లేదు. అయినా నేను మోసపోయినదాన్ని. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. చివరిదాకా దాచి మిమ్మల్ని ఊరించే ఓపిక నాకు లేదు.

నన్ను ఎక్కడ తెరిచినా, రాసినా, పలికినా అక్కడ నాకు కళ్ళూ చెవులూ ఉంటాయి. అందుకే ఇదంతా చెప్పగలుగుతున్నాను.

నేను పుట్టింది కడియపులంకలో, ఒక నర్సరీ పాక కింద. కొబ్బరిపొట్టు బస్తా మీద కూర్చుని బూరిగ వీరవేణి అనే ఆవిడ నన్ను మొదటిసారి నోటితో పలికింది. వేణి నర్సరీ ఆవిడది. భర్త అబ్బులు మామిడికి అంటు కడతాడు, సపోటాకి అంటు కడతాడు, నోరు మాత్రం విప్పడు. బేరాలు, లారీలు, కూలీల మీద కేకలు, అన్నీ వీరవేణివే. దూరపు రైతులకి నేరుగా మొక్కలు అమ్ముకోవాలని ఆవిడ ఆశ. రాజమండ్రిలో ఒక చిట్‌ఫండ్ ఆఫీసులో పనిచేసే కూతురు ఝాన్సీ, దానికి ఒక పేరు కొనాలమ్మా, ఆ పేరు వెనక సైటు ఉండటానికి ఒక చోటు అద్దెకి తీసుకోవాలమ్మా అని వివరించింది.

"పేరు ఒకచోట కొను, సైటుకి చోటు ఇంకోచోట తీసుకో. ఆ చోటు బాగోకపోతే పేరు పట్టుకుని వేరేచోటికి ఎల్లిపోవచ్చు. అన్నిటికన్నా ముందు, ఎక్కడ కొన్నా నీ మెయిలు ఇచ్చి కొను. ఎవరి మెయిలు మీద ఉంటే పేరు ఆళ్ళదే."

"నాకు మెయిలు ఎక్కడిదే?"

"నీ ఫోనులోనే ఉందమ్మా. నువ్వెప్పుడూ తెరవలేదు, అంతే."

"సర్లే, అయ్యన్నీ మనకెందుకు. గంగరాజుని పిలు. ఆడి చెయ్యి మంచిది."

ఇక్కడ మీకు గంగరాజు గురించి చెప్పాలి. వీరవేణికి పిన్ని కొడుకు, వరసకి తమ్ముడు. ఊళ్ళో ఫ్లెక్సీలు, శుభలేఖలు అచ్చువేసే షాపు నడుపుతాడు. అతను కొబ్బరికాయ కొట్టినచోట బోరు వేస్తే నీళ్ళు పడతాయని, అతను మొదటి అంటు నాటితే ఆ యేడు మడి మడంతా పచ్చగా లేస్తుందని ఆ చుట్టుపక్కల తోటల్లో గట్టి నమ్మకం. అతని చెయ్యి పడకుండా ఎవరూ ఏదీ మొదలుపెట్టరు. కొత్త మోటారుకి స్విచ్చి వెయ్యాలన్నా గంగరాజే రావాలి.

మనుషుల తీరు నాకు అప్పుడే కొంచెం అర్థం కావలసింది. ఇదే వీరవేణి, ఎర్రమట్టి లారీ వస్తే డ్రైవరు మాట నమ్మదు. పిడికెడు మట్టి తీసి నలిపి, వాసన చూసి, ఉండ చేసి, అది విడిపోయే తీరు చూసి గానీ దింపించుకోదు. మొక్కలు పెట్టే నల్ల కవర్లని ఎండకి ఎత్తిపట్టి చిల్లులు వెతుకుతుంది. అలాంటి మనిషి, ఊరూరా తన తరఫున మాట్లాడబోయే పేరుని ఎక్కడ కొంటున్నారని అడగలేదు, ఎవరి మీద కొంటున్నారని అడగలేదు. రాహుకాలం వెళ్ళిందా అని మాత్రం అడిగింది.

గంగరాజు తలస్నానం చేసి, బొట్టు పెట్టుకుని వచ్చాడు. ఫోనులో రెండు మూడు కంపెనీలు చూశాడు. ఒకదాంట్లో మొదటి యేడు నన్ను పప్పుబెల్లాలకి ఇస్తామని పెద్ద అక్షరాలతో రాసి ఉంది, సైటుకి చోటు కూడా దాంతోపాటే. రెండో యేడు నుంచి వీపు విమానం మోత మోగుతుందని కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. చీమ తలకాయలు ఎవరు చదువుతారు? అతను చదవలేదు.

"అక్కా, మెయిలు అడుగుతున్నాడు. నీకు ఓటీపీలవీ వత్తే చూసుకోలేవు. నాది ఇచ్చేత్తున్నాను."

"ఇచ్చెయ్ రా. నీదైతే ఏంటి, నాదైతే ఏంటి."

నా జాతకం ఆ మాటతో రాసేశారు. ఝాన్సీ ఏదో అనబోయింది, వాళ్ళమ్మ చూసిన చూపుకి ఊరుకుంది. నిజం చెప్పాలంటే ఆ రోజు గంగరాజు మనసులో ఏ దుర్బుద్ధీ లేదు. పటిక బెల్లం ముక్క నోట్లో వేసుకుని, అక్క కాళ్ళకి దండం పెట్టి వెళ్ళాడు. మొదటి రోజే దొంగ అయ్యుంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

మాకిచ్చిన చోటు సంగతి ఒక్క ముక్క చెప్పి వదిలేస్తాను. ఒక్క గదిలో లెక్కలేనంతమందిని కుక్కిన అద్దె కొంప అది. పక్కన ఒక పెళ్ళిసంబంధాల సైటు ఉండేది. మూఢం వెళ్ళి మంచిరోజులు వచ్చాయంటే దానికి జనం విరగబడేవాళ్ళు, మా గులాబీలు తెరమీద సగం వచ్చి ఆగిపోయేవి.

అయినా ఆ రోజులు నా జీవితంలో మంచి రోజులు. కవర్ల మీద, లారీల వెనక, మొక్క మొక్కకీ కట్టే చీటీ మీద నన్నే అచ్చువేశారు. నన్ను తెరవగానే మామిడి అంటు చేత్తో పట్టుకుని నవ్వుతున్న వీరవేణి కనిపించేది. అబ్బులు కట్టిన అంటు చచ్చిపోయిందన్న ఫిర్యాదు నాకు ఎన్నడూ రాలేదు. అనంతపురం దగ్గర ఓబులేసు అని ఒక రైతు ఉండేవాడు. ఇంటి ముందు నాటడానికి మొదట రెండు నిమ్మ మొక్కలు తెప్పించుకున్నాడు. అవి కాశాక, తన చేనంతా మామిడి తోట చేస్తాను వేణమ్మా, మొక్కలు నీ దగ్గరే అన్నాడు. ఆవిడ ఫోను పెట్టేసి, "చూశావేటే, మొహం చూడకుండా ఎంత నమ్మకవో" అంది కూతురితో. ఆ నమ్మకంలో సగం వాటా నాదే అని నేను మురిసిపోయాను. నన్ను చూసే కదా నమ్మింది!

ఝాన్సీ మాత్రం వచ్చినప్పుడల్లా అదే పాట. "అమ్మా, ఆ పేరు నీ మెయిలు మీదికి మార్పించమ్మా. మావయ్యని అడిగితే చిటికెలో పని."

"మంచి చెయ్యి పెట్టిన అంటుని పెరికి ఇంకోచోట పెడతావేటే? ఎండిపోద్ది. అయినా అడిగితే ఆడేవనుకుంటాడు? నన్ను నమ్మలేదా అక్కా అనడూ?"

ఈ దేశంలో సొత్తు పోయేది తాళం లేక కాదు, తాళంచెవి అడిగితే ఏమనుకుంటారో అని.

తర్వాత ఫ్లెక్సీల పని తగ్గింది. గంగరాజు కాలవ అవతల మడులు కౌలుకి తీసుకుని తనూ నర్సరీ పెట్టాడు. మంచి చెయ్యి అని ఊరంతా పిలిచే మనిషి తన సొంతానికి పెట్టిన మొక్కల్ని కొనేవాడు లేడు. ఒక మధ్యాహ్నం షాపులో ఒంటరిగా కూర్చుని, నా లోపలికి వచ్చాడు. వీరవేణి ఫోటో అలాగే ఉంచాడు. మొక్కల బొమ్మలు అలాగే ఉంచాడు. ఫోను నంబరు చెరిపి తన నంబరు రాశాడు. బ్యాంకు ఖాతా మార్చాడు. టీ తెప్పించుకుని తాగాడు. నేను అరవలేను, అదీ నా బతుకు. ఎవరు ఏం చెప్పిస్తే అది చెప్పే దాన్ని.

సైటు చూసి వచ్చే ఆర్డర్లు పలచబడితే వీరవేణి వానల్ని తిట్టుకుంది. అంతేగానీ నన్ను తెరిచి చూసుకోలేదు. ఎవరైనా సొంత ఇంటి తలుపు తట్టి చూసుకుంటారా?

వీరవేణి సొంత నంబరుకి ఓబులేసు ఫోను వచ్చింది ఒక పొద్దున.

"ఏమ్మా వేణమ్మా, నీ పేరు చూసే కదా నేను దుడ్లు పంపిచ్చింది. బంగినపల్లి అంట్లని చెప్పి, టెంక నుంచి మొలిచిన మొక్కలకి టేపు చుట్టి పంపిస్తావా? టేపు ఇప్పి చూస్తే కింద అంటు కట్టిందే లేదు. చేనంతా గుంతలు తీపిచ్చి పెట్టుకున్యా తల్లీ. అప్పు చేసి బోరు కూడా ఏపిస్తిని."

"ఓబులేసు గారూ, ఈ యేడు మీకు నేను మొక్కలే పంపలేదండి. మీరు అడగలేదు కదండీ."

"నీ ఫోటో ఉండాదే! నగుతా ఉండావే అందులో!"

అప్పుడు తెరిచింది నన్ను. కొబ్బరిపొట్టు అంటిన వేలితో కిందికి జరుపుతూ జరుపుతూ నంబరు దగ్గర ఆగింది. ఏ మంచిపని మొదలుపెట్టాలన్నా ముందుగా నొక్కే నంబరు అది. ఆవిడకి చూడకుండానే వచ్చు.

చెప్పులు కూడా వేసుకోకుండా ఫ్లెక్సీల షాపుకి వెళ్ళింది. షాపు కంప్యూటర్లో నేను తెరిచే ఉన్నాను.

"ఏరా గంగరాజూ, నా మొహం పెట్టి టెంక మొక్కలు అమ్ముతున్నావా?"

"గట్టిగా అరవకక్కా, జనం ఉన్నారు. పేరు నా మెయిలు మీద ఉంది. ఏటా రెన్యువల్ చేసేది నేను. నీ ఫోటో తీసేత్తాను, సరేనా? పేరు మాత్రం నాది."

"నీదేంట్రా? వేణి ఎవర్రా?"

గంగరాజు తల వంచుకుని మౌస్ కదిపాడు. ఆవిడ ఫోటో పోయింది. ఆవిడ ఉన్నచోట ఒక గులాబీ వచ్చింది. వీరవేణి మెట్లు దిగింది. వేణి లేని వేణిమొక్కలు నేనేంటో నాకే అర్థం కాలేదు.

ఝాన్సీ కంపెనీకి రాసింది. వాళ్ళు మహా మర్యాదగా జవాబిచ్చారు. మీ ఫిర్యాదు మాకు ముఖ్యం, దయచేసి నమోదైన మెయిలు నుంచి రాయండి అన్నారు. దొంగ మీద ఫిర్యాదు దొంగ సంతకంతో తెమ్మన్నట్టు. బంధువులైతే, ఇంట్లో గొడవ వీధిలో పెట్టుకోవద్దమ్మా, ఏదో కుర్రతనం అన్నారు. కుర్రవాడికి అప్పటికే నడినెత్తి మీద వెంట్రుకలు లేవు.

ఆ వారమే వీరవేణి ఓబులేసు చేనుకి లారీ నిండా అసలు అంట్లు ఎత్తించింది. తను అమ్మని మొక్కలకి, తను ముట్టుకోని డబ్బుకి బదులుగా. ఝాన్సీ వద్దంటే వినలేదు. అబ్బులు ఎండలో ఒక్కొక్క అంటూ చూసి ఏరి పెట్టాడు. ఒక మొక్కకి ఆకు చివర మాడి ఉంటే తీసి పక్కన పడేసి ఇంకోటి ఎక్కించాడు.

నేను గంగరాజు దగ్గరే ఉండిపోయాను. నన్ను నమ్మి వచ్చినవాళ్ళందరికీ టేపు చుట్టిన మొక్కలు వెళ్ళాయి. జనం నా పేరు పెట్టి తిట్లు రాయడం మొదలెట్టారు. దొంగ వేణి, మాయ వేణి. చివరికి రెన్యువల్ రోజు వచ్చేసరికి గంగరాజు మళ్ళీ ఆ మోత ధర చూశాడు, కింద ఆ తిట్లు చూశాడు. "చెడ్డపేరు వచ్చేసింది, ఇది మనకెందుకు" అని పెళ్ళాంతో అని, ఇంకో పేరు కొనుక్కున్నాడు. నన్ను పాడుచేసినవాడికే నేను పనికిరాకుండా పోయాను. ఎంత సిగ్గు!

కొన్నాళ్ళు కంపెనీ నా మొహాన ప్రకటనలు అంటించి వేలాడదీసింది. తర్వాత వదిలేసింది. ఇక ఎవరైనా నన్ను కొనుక్కోవచ్చు. ఝాన్సీ దానికోసమే కాచుకుని ఉంది. పరుగున పాక కిందికి వచ్చి, నా అక్షరాలు టైపు చేసి, ఫోను తల్లి చేతిలో పెట్టింది.

"వచ్చేసిందమ్మా! ఖాళీగా ఉంది. నీ మెయిలు మీద, నీ నంబరు మీద. నొక్కు, అంతే."

వీరవేణి కళ్ళజోడు పెట్టుకుని నన్ను అక్షరం అక్షరం చదివింది. నేను ఎంత ఆశపడ్డానో చెప్పలేను. తల్లి దగ్గరికి వచ్చేశాననుకున్నాను.

"ఇది వద్దే" అంది.

"అది నీ పేరమ్మా!"

"నా పేరే. ఓబులేసు గారు తెలిసినోరు కాబట్టి ఫోను చేసి తిట్టారు. తెలియనోళ్ళు ఎంతమంది తిట్టకుండా ఊరుకున్నారో? ఆళ్ళ చేలల్లో ఆ మొక్కలు పెరుగుతా ఉన్నాయి. కాపు రాని ప్రతి యేడూ ఈ పేరు తలుచుకుంటారు. దీని ఎనకాల కూచుని నేను మొక్కలు అమ్మనా?"

"మనం కాదు, మావయ్య చేశాడని చెప్దాం."

"ఎవరెవరికని చెప్తావు? ఇంటింటికీ ఎల్తావా?"

అబ్బులు అంటు కత్తి తుడుచుకుంటూ నిలబడ్డాడు. వీరవేణి నన్ను చెరిపింది. చివరి అక్షరం నుంచి మొదలుపెట్టి, ఒక్కొక్కటే, తొందరపడకుండా. ఆ ఖాళీలో అబ్బులుఅంట్లు డాట్ కామ్ అని టైపు చేసింది. పేరు ఒకచోట కొంది, సైటుకి చోటు ఇంకోచోట తీసుకుంది. చీమ తలకాయ అక్షరాలు కూతురు చేత పైకి చదివించుకుని, మెయిలు తనది తనే కొట్టింది. నా దగ్గర నేర్చుకున్నదంతా ఆ కొత్త పేరుకి ఖర్చుపెట్టింది.

గంగరాజు మీద నాకు కోపం ఉంది గానీ అది తేలిక కోపం, మోసగాడు మోసం చేశాడు. ఆవిడ మీద కోపమే నన్ను తినేస్తోంది. ఆవిడ చేసింది న్యాయమని నాకు తెలుసు. తెలిసినా మనసు ఒప్పుకోవడం లేదు. అబద్ధం చెప్పించింది ఒకడు, శిక్ష పడింది నాకు, ఆ శిక్ష వేసింది నేను ఎవరి పేరునో ఆవిడే.

మొన్న ఎక్కడి నుంచో ఎవరో నన్ను టైపు చేశారు. జవాబు రాలేదని మళ్ళీ టైపు చేశారు. తిట్టడానికే అయ్యుంటుంది. ఆయనతో ఒక్క మాట చెప్పాలనిపించింది. ఆ మొక్కలు వేణివి కావు బాబూ, ఆవిడ అలాంటిది కాదు అని.

కానీ నేను చెబితే ఎవరు నమ్ముతారు?