నాలుగో అంచు

నేను ఒక బెంచ్ వైసును. బల్లకు బోల్టులతో బిగించి ఉంటాను. ఇనుప ముక్కను నా దవడల మధ్య పెట్టి ముందున్న పిడిని తిప్పితే, ఇక ఆ ముక్క కదలదు. నాకు తెలిసిన విద్య ఇంతే. పిడి లేకపోతే ఇది కూడా లేదు.

ఆ పిడి పోయిన రోజున మా జిల్లా పరిషత్ హైస్కూలుకు తనిఖీ బృందం వచ్చింది. మా బడి గంట అంటే దూలానికి వేలాడే రైలు పట్టా ముక్క. దాన్ని కొట్టే కమ్మీ ఆ ఉదయం కనబడలేదు. హెడ్మాస్టారు వృత్తివిద్య గది గుమ్మంలో నిలబడి నా వైపు వేలు చూపించారు.

"బంగారయ్యా, ఆ రాడ్డు లాగెయ్."

అటెండరు బంగారయ్య నసిగాడు. "పాప పని సేసుకుంటంది కదండీ దీని మీద."

"మాస్టారే లేని గదిలో పనేమిటయ్యా? కార్లు మలుపు తిరిగాయి. ముందు గంట కొట్టు."

బంగారయ్య పిడి చివర గుబ్బ విప్పి, పిడిని లాగి పట్టుకుపోయాడు. కాసేపటికి నా పిడి రైలు పట్టా మీద మోగింది. నా శరీరంలోని భాగం అంత గట్టిగా మాట్లాడడం నేను ఎన్నడూ వినలేదు.

అప్పటికే నా దవడల మధ్య ఒక ముక్క ఉంది.

నన్ను పోత పోసింది ఏ ఊళ్లోనో గుర్తు లేదు. గుర్తున్నంతవరకు మొదటి చోటు ఒక చక్కెర మిల్లు మరమ్మతు షెడ్డు. అక్కడ ఎందరి చేతుల్లోనో పనిచేశాను. అందరూ నన్ను తిట్టారు, అందరూ నా మీదే ఆధారపడ్డారు. మనుషుల పద్ధతి అది, నాకు అభ్యంతరం లేదు. మిల్లు మూతపడ్డాక నన్ను తుక్కు కింద గోడవతల పడేశారు. అక్కడినుంచి నన్ను ఏరి, ఆటోలో తన కాళ్ల మధ్య పెట్టుకుని ఈ బడికి తెచ్చినవారు సింహాచలం మాస్టారు. ప్రభుత్వ బడి పిల్లలకు కూడా చేతిలో ఒక పని ఉండాలని ఆయన పట్టుదల. ఆ పట్టుదలను మెచ్చుకుంటూ స్టాఫ్ రూములో ఉపన్యాసాలు చాలా జరిగాయి. ఇనుమును అరగదీసే ఆకురాళ్లు కొనడానికి మాత్రం ఎవరూ లేవలేదు. ఆయనే కొన్నారు.

రోజూ హాజరు పిలవక ముందే ఆయన నా పిడితో తిరిగే మరలో ఒక చుక్క నూనె వేసేవారు. ఇంతకంటే ఆయన గురించి ఎక్కువ చెప్పదలచుకోలేదు.

పదో తరగతి నూకరత్నం ఆయన దగ్గరే ఆకురాయి పట్టడం నేర్చుకుంది. వాళ్లమ్మ రేవులో చేపలమ్ముతుంది. పరీక్షలయ్యాక పడవల యార్డులో అప్రెంటీసులను తీసుకుంటారు. అక్కడ పుస్తకంలోది అడగరు. ఒక ఇనుప ముక్క ఇచ్చి, నాలుగంచులూ మూలమట్టానికి సరిపోయేలా ఆకురాయితో రాయమంటారు. మట్టం ఆనించి దీపానికి ఎదురుగా పెడితే కింద వెలుగు దూరకూడదు. ఆ పనిలో చేరాలని నూకరత్నం కోరిక. చేరకపోతే రొయ్యల షెడ్డు ఉండనే ఉంది. వాళ్లక్క అక్కడే రోజంతా మంచునీళ్లలో చేతులు పెట్టుకుని నిలబడుతుంది.

"ఒలే, మీయమ్మ సేప పొలుసు గీకినట్టు గీకెత్తన్నావేటి?" అనేవారు మాస్టారు. "తోసినపుడు బరువెయ్యి. లాగినపుడు వొదిలెయ్యి."

"మాయమ్మ సేపకి నాలుగంచులుండవు మాస్టారూ."

"అందుకే అది అమ్ముడుపోతంది. నీ ముక్క సూడు, పిల్లి కూడా ముట్టదు."

ఆమె నవ్వేది కాదు. ముక్కను విప్పి, తిప్పి, మళ్లీ బిగించేది. మూడంచులు వచ్చాయి. "ఇంతదాకా ఎవలైనా రాత్తారు. మూడింటికీ సరిపడేలా నాలుగోది రాయడమే పని. అది నేనొచ్చాక నా ముందర రాద్దువు గాని," అని చెప్పి, జ్వరంగా ఉందని ఆయన ఇంటికి వెళ్లారు.

ఆయన రాలేదు. ఆయన ఫోటో వచ్చింది. సంతాప సభకు దాన్ని నా బల్ల మీదే పెట్టారు. ఆయన ఆశయాలను కొనసాగిస్తామని హెడ్మాస్టారు అన్నారు. ఆ మాట అంటున్నంతసేపు ఆయన చేయి నా మీదే ఉంది. తరువాత రుమాలుతో నూనె తుడుచుకున్నారు.

ఆ మరుసటి వారమే తనిఖీ కబురు వచ్చింది. 'భావి ఉద్యోగాలకు బాట' అని గోడమీద రాయించారు. నాకు వెండి రంగు వేయించారు. దవడలకు, బల్లకు, చివరికి మర పళ్లకు కూడా. మరకు రంగు వేసే మనుషులను ఈ బడిలోనే చూశాను. పెళ్లికూతురి కళ్లకు కూడా పసుపు రాస్తారు వీళ్లు. ఆ తర్వాతే పిడి పోయింది.

అధికారి వచ్చారు. నూకరత్నానికి కళ్లద్దాలు పెట్టి, ఆకురాయి ఇచ్చి నా ముందు నిలబెట్టారు. "ఊరికే ఆనించి ఉంచమ్మా, రాయకు, రంగు పోతుంది," అని హెడ్మాస్టారు మెల్లగా చెప్పారు. ఫోటో తీశారు.

"పెద్దయ్యాక ఏమవుతావమ్మా?" అని అధికారి అడిగారు.

ఆమెకు ఒక జవాబు బట్టీ పట్టించారు. అందులో నైపుణ్యం, దేశం, నిర్మాణం అనే మాటలున్నాయి. ఆమె అది చెప్పలేదు.

"ఫిట్టర్నవుతానండి. దీని పిడి గంట కొట్టడానికి అట్టుకెళ్లిపోయారు. ఇప్పించండి సార్."

అధికారి హాయిగా నవ్వారు. "ధైర్యమున్న పిల్ల. ఇలాంటివాళ్లే కావాలి మనకు," అని అందరూ చప్పట్లు కొట్టేదాకా చూసి, పక్క గదికి నడిచారు. చప్పట్లలో హెడ్మాస్టారివే అన్నింటికంటే గట్టివి.

కార్లు వెళ్లాక ఆయన స్వరం మారింది. "బడి పరువు తీశావు. కొత్త మాస్టారిని వెయ్యమని నేను అడగలేదనుకున్నావా? అడిగి అడిగి నోరు పడిపోయింది. ఇవ్వకపోతే నేనేం చెయ్యను?" అది నిజమే. కానీ పిడి ఇవ్వడానికి ఎవరి ఉత్తర్వులూ అక్కర్లేదు. ఆ సంగతి ఆయనకు తోచలేదు, తోచినా గంట ఆగిపోతుందని భయం. పాఠం ఆగితే ఎవరూ అడగరు. గంట ఆగితే ఊరంతా అడుగుతుంది.

మరునాడు నూకరత్నం ఎవరో కడుతున్న ఇంటి దగ్గరనుంచి ఒక ఇనుప ఊచ తెచ్చింది. ముక్కను విప్పి నాలుగో అంచు పైకి తిప్పాలని, దాన్ని పిడి ఉండే రంధ్రంలో దూర్చి, రెండు చేతులతో వేలాడింది. మర పళ్లలో రంగు గట్టిపడిపోయింది. ఊచ వంగింది, నేను కదలలేదు. పట్టుకోవడం నా పనే, వదలడం నా చేతిలో లేదు. ఆమె నన్ను తిట్టింది. చక్కెర మిల్లులో కూడా అంత మంచి తిట్టు వినలేదు. చప్పుడు విని హెడ్మాస్టారు వచ్చారు. పిల్లలకు దెబ్బలు తగిలితే ఎవరు జవాబుదారు అంటూ గదికి తాళం వేయించారు.

ఆమె యార్డు పరీక్షకు వెళ్లింది. తిరిగొచ్చిన రోజు కిటికీ అవతల బంగారయ్య గొంతు వినిపించింది.

"ఏటైందే?"

"మూడు పక్కలా మట్టం కింద ఎలుగు దూరలేదు బాబాయ్. నాలుగో దాని కింద దూరింది."

"మళ్లీ ఎప్పుడంట?"

"నాకేటి తెల్సు. రేపట్నించి రొయ్యలకెల్తన్నాను."

బంగారయ్య దూలం దగ్గరికి నడిచాడు. గంట కొట్టాడు, నా పిడితోనే. అది వృత్తివిద్య పీరియడు గంట. కాలపట్టికలో ఆ పీరియడు ఇప్పటికీ ఉంది. గంట మోగుతుంది, పిల్లలు మైదానంలోకి వెళతారు.

తనిఖీ ఫోటోను అద్దం కట్టించి హెడ్మాస్టారి గదిలో పెట్టారని విన్నాను. అందులో నేను మెరుస్తున్నానట.

నా మీద వెండి రంగు పొరలుగా లేస్తోంది. ముక్క నా దవడల మధ్యే ఉంది. దాని నాలుగో అంచు ఇంకా రాయలేదు.