పలకని కోడలు

ముసలావిడను ఒక పక్కకు తిప్పి, కోడలు గోరువెచ్చని నీళ్లలో గుడ్డ పిండింది. మెడ దగ్గర మొదలుపెట్టి నడుము దాకా తుడిచింది. పొడిగుడ్డతో అద్ది, పౌడరు చల్లి, అరచేత్తో సర్దింది. ఆరేళ్లుగా మంచంలో ఉన్న మనిషి వీపు మీద ఒక్క పుండు లేదు. చూడవచ్చిన డాక్టరు ముక్కున వేలేసుకున్నాడు.

"నీళ్లు వేడిగా ఉన్నాయే," అంది ముసలావిడ.

కోడలు చన్నీళ్లు కలిపింది. మాట్లాడలేదు.

పక్షవాతం కుడిపక్కను తీసుకుపోయింది గాని నోటి జోలికి పోలేదు.

"పలకవే! పోనీ తిట్టు. నోటికొచ్చింది తిట్టు."

కోడలు ఆ నోటినీ తడిగుడ్డతో తుడిచి, దువ్వెన అందుకుంది.

తాళంచెవి కోసం పక్కింటావిడ వచ్చింది. కోడలు పనికి వెళ్లినప్పుడు ముసలావిడను కనిపెట్టుకుని ఉండేది ఆవిడే. "కూతురైనా ఇంత చెయ్యదు. నీ కడుపు చల్లగా ఉండాలమ్మా," అంది ఎప్పటిలాగే. వీధి వీధంతా అదే మాట. అది సేవ కాదని ఎవరికీ తెలియదు. ముసలావిడ తొందరగా పోకూడదు, అంతే.

కుట్టు ఫ్యాక్టరీలో కోడలిది కాజాలు కుట్టే మిషను. పిల్లల గౌన్లు ఒకదాని వెనక ఒకటి వస్తుంటాయి. పక్క మిషను మీద కొత్త బాలింత. పదింటికల్లా ఆ పిల్ల జాకెట్టు ముందు తడిసిపోయింది. చంటిదానికి పాలిచ్చి వస్తానంటే సూపర్‌వైజరు వాచీ చూసుకున్నాడు.

"భోజనాల దాకా ఆగలేవా?"

ఆమె మిషను ఆపింది. "పోనివ్వండి సార్. దాని కాజాలు కూడా నేను కుడతాను."

"రూల్స్ ఉన్నాయమ్మా."

"పాలకు తెలియవు సార్, మీ రూల్స్."

హాలంతా గొల్లుమంది. ఫ్యాక్టరీలో ఆమె నోటికి జడవని వాళ్లు లేరు. బాలింత పరుగున బయటికి పోయింది. ఆమె రెండు మిషన్ల పని నెత్తిన వేసుకుంది గాని, కాసేపు గుడ్డ మీద చూపు ఆనలేదు.

ఇరవై ఆరేళ్ల కింద, పంతొమ్మిది రోజుల బిడ్డను స్నానానికని ఆమె ఒళ్లోంచి తీసుకుంది అత్తగారు. తిరిగి వచ్చింది తువ్వాలు ఒక్కటే. బయట కారులో ఆడపడుచు ఉంది, ఆరు కాన్పులు నిలవని మనిషి. "నీకేమే, చిన్నదానివి. ఇంకా కంటావు," అంది అత్తగారు. భర్త గోడకేసి చూశాడు. పన్నెండు రోజులు స్నానాలగదిలో పాలు పిండి పారబోసుకుంది. తరవాత కడుపు పండనే లేదు. గొడ్రాలని నలుగురిలో అన్నదీ అత్తగారే.

కాళ్లు ఆడినన్నాళ్లు ఆవిడకు కోడలి మాటతో పని పడలేదు. మంచాన పడ్డాక, కొడుకూ పోయాక, ఆ ఇంట్లో ఇంకో గొంతు లేకుండా పోయింది. కోడలు మాట మానేసింది ఆ మంచం నాటి నుంచే.

శనివారం ఒంటిపూట పని. ఇల్లు చేరేసరికి గుమ్మంలో చెప్పులున్నాయి. లోపల ఆ బిడ్డే, ఆడపడుచు కూతురిగా పెరిగిన పిల్ల, మూడు నెలల పసిదాన్ని ఎత్తుకుని వచ్చింది.

"అత్తా, బాగున్నావా?"

"బాగున్నానమ్మా. చిక్కిపోయావేం?"

పసిదాన్ని ముసలావిడ పక్కన పడుకోబెట్టారు. ముసలావిడ ఎడమచేత్తో దాని మేజోడు తొడిగిన పాదం పట్టుకుని మురిసిపోయింది. మనవరాలి ముందైనా కోడలిని దారికి తేవచ్చనుకుందేమో, చటుక్కున అంది:

"మీ అత్త నాతో మాట్లాడదే. ఆరేళ్లయింది. ఎందుకో అడుగు."

"నిజమా అత్తా? ఎందుకూ?"

ఆమె పమిటతో చేతులు తుడుచుకుంది. ఈ ప్రశ్న కోసమే ఆ వీపును ఆరేళ్లు తుడిచింది.

"ఆవిడనే అడుగు తల్లీ. ఆవిడ నోట్లోంచే రావాలి."

ముసలావిడ ముందు దగ్గింది. తరవాత ఏడ్చింది. మంచినీళ్లడిగితే కోడలు తెచ్చి, తాగించి, మూతి తుడిచి, ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుంది. తప్పించుకునే దారి లేక ముసలావిడ చెప్పింది. తువ్వాలుతో సహా చెప్పింది.

ఆ పిల్ల మంచం మీది పసిదాని వైపు చూసింది.

"ఎన్నోరోజున?"

"పంతొమ్మిదో రోజున," అంది ముసలావిడ గొణుగుతూ.

"అయితే నువ్వు నాకు అమ్మమ్మవి కావన్నమాట."

వంగి, పసిదాన్ని ఒక్క ఊపున లాక్కుని గుండెకు హత్తుకుంది. ముసలావిడ ఎడమచెయ్యి కాసేపు గాలిలో వెతికి, పక్క మీద పడింది. కోడలు ఆ చేతినే చూస్తూ కూర్చుంది. జాలి వస్తుందేమోనని చూసుకుంది. రాలేదు. ఆకలి తీరిన మనిషిలా ఒళ్లంతా తేలికైంది.

గుమ్మం దగ్గర ఆ పిల్ల వెనక్కి తిరిగింది. అలవాటైన పిలుపు నోటిదాకా వచ్చి ఆగింది. రావలసిన పిలుపు రాలేదు. "వస్తాను," అని మాత్రం అంది. కోడలి ఒంట్లోని ఆ తేలిక, ఆ పిల్ల వీధి మలుపు తిరిగేదాకా కూడా నిలవలేదు.

"ఇప్పుడైనా పలకవే," అంది ముసలావిడ సాయంత్రం. "అంతా చెప్పేశానుగా."

కోడలు దీపం వేసి, జావ కలిపి తెచ్చింది. రెండు చెంచాలు దిగాయి. మూడోది పెదవి చివర నుంచి తిరిగి వచ్చేసింది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. తలగడ సరిచేసింది. నోరు తెరవబోయి, ఇక ఎవరి కోసమని, మూసుకుంది.

పక్కింటావిడను పిలిచి వచ్చి చేతులు సర్దబోతే ఎడమ గుప్పిట విడలేదు. ఒక్కొక్క వేలూ తీసింది. లోపల బొటనవేలంత మేజోడు ఒకటి, ఇంకా పాల వాసన వేస్తూ.