పండ్ల కొట్టువాడి పిక్కలు

అంటే రక్తం కిందికైతే దానంతటది దిగుతుంది గానీ పైకి మాత్రం మోసుకెళ్ళాల్సిందేనన్నమాట, బస్తాలు మేడమీదికి ఎక్కించినట్టు, నరాల్లో మధ్యమధ్య తలుపులు, ఎక్కింది జారకుండా వెనకాలే మూసుకోవాలి, నా ఎడమ పిక్కలో అవి వదులయ్యాయట, డాక్టరమ్మ తెర మీద చూపిస్తోంది, జెల్లు పూసిన కాలు చల్లగా ఉంది, బత్తాయి తొక్క చూసి లోపలి రసం చెప్పేవాణ్ణి, నా తోలు కింద ఏం నిలవుందో ఎప్పుడూ చూసుకోలేదు, మరి పైకి తోసేదెవరమ్మా అంటే మీ పిక్క కండరమేనండీ, నడిస్తేనే తోస్తుంది, మీరేమో రోజంతా నిలబడే ఉంటారు, పైగా ఉప్పు, పైగా మలబద్ధకం, ముక్కినప్పుడల్లా ఆ ఒత్తిడి కాళ్ళ మీద పడుతుంది, చీలమండ దగ్గరి ఈ నల్లమచ్చ పుండైతే నెలల తరబడి మానదు, ఇక కొట్టు మర్చిపోవాలి అంది.

ఏం తింటారు అని అడిగితే పండ్ల కొట్టు నాది అన్నాను దర్జాగా, అయితే ఇంకేం, పీచుకు లోటుండదు అంది, ముక్క కోసి బేరగాళ్ళకు రుచి చూపించడమే గానీ నేను పండు తిని ఎన్నాళ్ళయింది, పక్క కొట్టు వేపుడు పొట్లాలే నా మధ్యాహ్న భోజనం, అబద్ధమెందుకమ్మా, తినను అన్నాను, ఆవిడ నవ్వింది, పోనీ ఇప్పుడు తింటే వదులైన తలుపు బిగుస్తుందా అని బేరానికి దిగాను, బిగవదండీ, మిగతావాటి మీద భారం తగ్గుతుంది, సరే, పోయింది పోగా ఉన్నది నిలబెట్టుకోవడం నాకు తెలిసిన వ్యాపారమే, మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా, మా నాన్నకుండేది, నీలి తాళ్ళు పేనినట్టు, గోడకు కాళ్ళెత్తి పడుకుంటే పిల్లలం వాటి మీద వేలు పెట్టి ఇది వాగు, ఇది ఏరు అని ఆడుకునేవాళ్ళం, అయితే వంశంలో ఉంది అంది.

వంశంలో ఉందంటే ఎలా వచ్చినట్టు, నాన్న ముక్కు నాకు వచ్చినట్టా, నాన్న కొట్టు నాకు వచ్చినట్టా, దారంతా ఇదే, కొట్టుకొచ్చేసరికి మా అమ్మాయి త్రాసు దగ్గర నిలబడి పొట్లంలోంచి వేపుడు నములుతోంది, పొద్దుట్నుంచీ కూచోలేదా అమ్మడూ, కూచుంటే బేరాలు పోవూ, డాక్టరేమంది, కాలు కోస్తుందా ఏంటి, కోసేది కాలు కాదే, పండు, ఇదిగో ఈ జామపండు తిను, పో నాన్నా, అది ముందు వరసది, అమ్మే సరుకు ఎవరైనా నోట్లో పెట్టుకుంటారా, అచ్చం మా నాన్న మాట, విరుపుతో సహా, తాత పోయాక పుట్టిన పిల్లకి నేర్పిందెవరు, చెప్పు విడిచి ఒక కాలి మడమతో రెండో పిక్క రుద్దుకుంటోంది, వాచిన చీలమండ మీద పట్టీ గుర్తు దిగబడింది, నరాలు కొంత ముక్కులాగే వస్తాయేమో, అది నా చేతిలో లేదు, ఈ నిలబడటం, ఈ పొట్లం, ఈ మాట మాత్రం కొట్టుతో పాటు తాళాలు ఇచ్చినట్టు నేనే దీని చేతిలో పెట్టాను.